స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి వ్యాయామమే కవచం

కొన్నేళ్ల క్రితం ఒక ఉపాధ్యాయిని మా వైద్యశాలకు వచ్చారు. వయస్సు 52. కీళ్లవాతానికి ఏడాదికి పైగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు వాడుతున్నారు. వాపులు, నొప్పులు తగ్గాయి. ముఖం మాత్రం గుండ్రంగా ఉబ్బింది. అయితే ఆమె బాధ అది కాదు. "ఆచార్యులుగారూ, పూజకు పీట మీద కూర్చుంటే ఎవరైనా చెయ్యి అందిస్తే తప్ప లేవలేకపోతున్నాను. ఈ మాత్రలు మానేస్తాను, మీ మందు ఇవ్వండి" అన్నారు.

మానవద్దన్నాను. ఆయుర్వేద వైద్యుడు ఇలా అనడం పాఠకులకు వింతగా తోచవచ్చు. యౌవనంలో నేనొక ఉబ్బస రోగిచేత ఈ మాత్రలను ఒక్కసారిగా మాన్పించాను. నాలుగు రోజులు తిరగకముందే వాంతులతో స్పృహ తప్పాడు. ఆసుపత్రిలో మళ్లీ అదే మందు ఇచ్చి బ్రతికించారు. ఆ తప్పు నాదే. మూత్రపిండాలపై ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఇటువంటి ద్రవ్యాన్నే సహజంగా తయారుచేస్తాయి. బయటినుండి వారాల తరబడి మందు అందితే అవి పని మరచిపోతాయి. తిరిగి మేల్కొనడానికి నెలలు పట్టవచ్చు. అందుచేత మోతాదు తగ్గించే అధికారం ఆ మందు వ్రాసిన వైద్యునిదే.

1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో కదలలేని రోగికి కార్టిసోన్ ఇవ్వగా, కొద్ది రోజులకే లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. అమృతమనుకున్న ఆ మందే దీర్ఘకాలం వాడితే మాంస, అస్థి ధాతువులను క్షీణింపజేస్తుందని త్వరలోనే తేలింది. మొదట దెబ్బతినేవి తొడల, పిరుదుల కండరాలు. నొప్పి ఉండదు కనుక రోగి గుర్తించడు. మెట్లెక్కేటప్పుడు, నేల మీదనుండి లేచేటప్పుడు బయటపడుతుంది. ఎముకల నష్టమైతే మొదటి ఆరు నెలలలోనే వేగంగా జరుగుతుంది.

దీనికి విరుగుడు ఏ లేహ్యంలోనూ లేదు, కండరానికి పని చెప్పడంలోనే ఉంది. బరువును ఎదిరించి పనిచేసిన కండరం క్షయాన్ని అడ్డుకుంటుంది. ఆ లాగుడే ఎముకకూ బలమిస్తుంది. 1996లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు గుండె మార్పిడి జరిగి స్టెరాయిడ్లు వాడుతున్న రోగులచేత ఆరు నెలలు నడుముకు బలమిచ్చే వ్యాయామాలు చేయించారు. వారి వెన్నెముక సాంద్రత దాదాపు పూర్వస్థితికి వచ్చింది. చేయనివారికి రాలేదు.

ఉపాధ్యాయినికి నేను చెప్పినది ఇంతే. కుర్చీలో దిండు వేసుకుని, చేతులు గుండెపై కట్టుకుని, ఐదుసార్లు లేచి కూర్చోవాలి, ఉదయం, సాయంత్రం. సులువైన తరువాత పదిసార్లు, ఆపైన దిండు తీసివేయాలి. వంటగట్టు పట్టుకుని మడమలెత్తి నిలబడాలి. గోడకు చేతులానించి శరీరాన్ని ముందుకు, వెనుకకు నెట్టాలి. ఉదయం వేసుకున్న మాత్రవల్ల మధ్యాహ్నం తరువాత రక్తంలో చక్కెర పెరుగుతుంది కనుక భోజనానంతరం పావుగంట నడవాలి.

ఎంతవరకు చేయాలి? అర్ధశక్తి వరకే అన్నారు మన ప్రాచీనులు. నుదుట, ముక్కుపై, చంకలలో చెమట పట్టి నోరు ఆరుతుంటే ఆపాలి. మా గురుకులంలో తెల్లవారుజామున బావి నీళ్లు తోడించేటప్పుడు గురువుగారు మా నుదురు చూసి చాలనేవారు. అప్పట్లో అది దయ అనుకున్నాము, శాస్త్రమని తరువాత తెలిసింది.

ఆమె నాలుగవ నెలలో పీట మీదనుండి తనంతట తానే లేచారు. మోతాదును ఆమె వైద్యుడే క్రమంగా తగ్గించారు. రాగిజావ, పాలు, నువ్వులు, పప్పు సమృద్ధిగా తిన్నారు. ఊరగాయ మాత్రం మానిపించలేకపోయాను!

కొన్ని జాగ్రత్తలు. ఎముకలు పలుచబడినవారు హలాసనం, పశ్చిమోత్తానాసనం వంటి ముందుకు వంగే ఆసనాలు వేయరాదు, వెన్నుపూసలు నలుగుతాయి. కీళ్లు వాచి ఎర్రబడిన రోజులలో విశ్రాంతి మేలు. గజ్జలలో నొప్పి మొదలైతే వ్యాయామం ఆపి వైద్యునికి చూపించండి. తుంటి ఎముకకు రక్తప్రసరణ తగ్గి ఉండవచ్చు. దగ్గుకు మన ఇళ్లలో వాడే అతిమధురం ఈ మాత్రలతోపాటు వద్దు. అది స్టెరాయిడ్ ప్రభావాన్ని పెంచి, రక్తపోటును హెచ్చించి, పొటాషియంను తగ్గిస్తుంది. పేరులేని పొట్లాలలో "కీళ్లనొప్పుల చూర్ణం" అమ్మేవారి దగ్గర కొనకండి. వాటిలో స్టెరాయిడ్ పొడి కలిపిన సందర్భాలు బయటపడ్డాయి.