వాకిటి కావలి

పాతకాలపు మండువా లోగిలి లోపల ఎన్ని గదులున్నా, ఎన్ని కుటుంబాలు కాపురమున్నా వీధివైపు సింహద్వారం ఒక్కటే. వచ్చినవారు ఆ గుమ్మం దగ్గర ఆగి, తమకు ఎవరు కావాలో చెప్పాలి. పేరు చెబితే లోపలికి కబురు వెళుతుంది. పేరు చెప్పలేనివారు గుమ్మం దాటలేరు. నేటి ఇళ్లలో ఇంటర్నెట్టుకు కూడా ఇటువంటి గుమ్మం ఒకటి ఉంది. అదే రౌటర్. ఆ గుమ్మం దగ్గర నిలిచి "ఎవరు కావాలి?" అని అడిగే కావలివాడి పేరు రివర్స్ ప్రాక్సీ.

ఇంటికి ఒక్కటే గుమ్మం ఎందుకు ఉంటుంది? ఇంటర్నెట్టులో ఉత్తరాలు చేరాలంటే చిరునామా కావాలి. 1981లో ఖరారైన పద్ధతిలో ఈ చిరునామా 32 బిట్ల సంఖ్య. ఆ లెక్కన ప్రపంచం మొత్తానికి సుమారు 429 కోట్ల చిరునామాలు మాత్రమే ఉన్నాయి. అప్పట్లో అవి చాలా ఎక్కువ అనిపించాయి. కానీ కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు పెరిగిపోయాయి. 2011 ఫిబ్రవరిలో కేంద్ర నిల్వలోని చివరి చిరునామాల పంపకం కూడా అయిపోయింది. అందువల్ల సాధారణంగా ఇంటికి ఒక్క చిరునామాయే దొరుకుతుంది. ఇంటిలోని పరికరాలకు రౌటర్ తానే లోపలి చిరునామాలు ఇస్తుంది. ఇవి తరచుగా 192.168 అనే అంకెలతో మొదలవుతాయి. వేలాది ఇళ్లలో ఇవే అంకెలు ఉంటాయి. అయినా చిక్కు లేదు. అవి ఇంటి గడప దాటి చెల్లవు.

లోపలినుంచి ఎవరైనా ఏదైనా అడిగితే రౌటర్ తన చిరునామా వేసి బయటికి పంపుతుంది. జవాబు రాగానే అడిగినవారికి అందజేస్తుంది. ఎవరూ అడగకుండా బయటినుంచి వచ్చినదాన్ని మాత్రం ఆపివేస్తుంది. ఇలా ఆపే ఏర్పాటును ఫైర్‌వాల్ అంటారు. అంటే అగ్నిగోడ. పక్క ఇంట్లో అంటుకున్న నిప్పు ఈ ఇంటికి పాకకుండా అడ్డుపడే గోడవంటిది అది.

హోసూరులో ఒక కుటుంబం ఉందనుకుందాం. అవ్వ పాడిన పెళ్లిపాటలు, తాతగారి కాలంనాటి ఫోటోలు ఇంట్లోని ఒక చిన్న కంప్యూటరులో దాచారు. పాటలకు ఒక సర్వర్, ఫోటోలకు ఇంకొక సర్వర్ నడుస్తున్నాయి. వీధి వాకిలికి ఒక కెమెరా కూడా ఉంది. పెద్ద కొడుకు పూనాలో, కూతురు దుబాయిలో ఉన్నారు. వారు కూడా ఆ పాటలు వినాలి, ఫోటోలు చూడాలి. కానీ అగ్నిగోడ వారినీ ఆపేస్తుంది. దొంగ ఎవరో, ఇంటి బిడ్డ ఎవరో దానికి తెలియదు గదా!

దీనికి చాలామంది చేసే పని రౌటర్‌లో ఒక పోర్టు తెరవడం. పోర్టు అంటే చిరునామాకు తోడుగా ఉండే తలుపు సంఖ్య. ఇవి 65,535 వరకు ఉంటాయి. మామూలు వెబ్ పేజీలు 80వ తలుపు ద్వారా, రహస్య లిపిలో నడిచేవి 443వ తలుపు ద్వారా వస్తాయి. ఒక తలుపును తిన్నగా ఒక కంప్యూటరుకు కలపవచ్చు. అయితే 443వ తలుపు పాటలకు ఇస్తే ఫోటోలకు మరొకటి, కెమెరాకు ఇంకొకటి తెరవాలి. ప్రతి తలుపూ గోడకు పెట్టిన ఒక కన్నమే.

ఆ కన్నాల వల్ల వచ్చే ముప్పు చిన్నది కాదు. ఇంటర్నెట్టులోని చిరునామాలన్నింటినీ రాత్రింబవళ్లు తట్టి చూసే ప్రోగ్రాములు ఉన్నాయి. 2016లో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము ఇలాగే ఇళ్లలోని కెమెరాలను, రౌటర్లను వెతికింది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డు మార్చని పరికరాలు వేలకొద్దీ దానికి లొంగిపోయాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అటువంటి పరికరాలు ఎన్నో డిన్ అనే సంస్థ మీద విరుచుకుపడ్డాయి. ఇంటర్నెట్టు పేర్లను చిరునామాలుగా మార్చి చెప్పే సంస్థ అది. దానితో పేరున్న వెబ్‌సైట్లు ఎన్నో కొన్ని గంటలపాటు చాలామందికి అందలేదు. తమ వాకిట్లోని కెమెరా ఆ దాడిలో పాల్గొన్నదని యజమానులలో ఎక్కువమందికి తెలియనే తెలియదు.

రివర్స్ ప్రాక్సీ ఈ చిక్కుకు మంచి ఉపాయం. ప్రాక్సీ అంటే ఒకరికి బదులుగా నిలిచే ప్రతినిధి. లోపలివారి తరఫున బయటికి వెళ్లి వెబ్ పేజీలు తెచ్చేది మామూలు ప్రాక్సీ. బయటినుంచి వచ్చినవారికి లోపలి సర్వర్ల తరఫున ఎదురుపడేది రివర్స్ ప్రాక్సీ. వచ్చినవారు సర్వర్‌ను తిన్నగా తాకరు. ప్రాక్సీయే వారి మాట విని, లోపలికి తానే వెళ్లి, జవాబు తెచ్చి ఇస్తుంది.

ఒకే తలుపు దగ్గరికి వచ్చినవారు పాటలకు వచ్చారో, ఫోటోలకు వచ్చారో ప్రాక్సీకి ఎలా తెలుస్తుంది? బ్రౌజర్ తనకు కావలసిన సైటు పేరును ప్రతి ఉత్తరంలోనూ రాస్తుంది. 1997లో వెలువడిన హెచ్‌టీటీపీ 1.1 ప్రమాణం దీనిని తప్పనిసరి చేసింది. రహస్య లిపిలో నడిచే సంభాషణకు కూడా మొదటి పలకరింపులోనే పేరు చెప్పే పద్ధతి 2003లో వచ్చింది. కవరు మీద చిరునామాతోపాటు మనిషి పేరు రాయడం వంటిది ఇది. ఇంటి చిరునామా ఒక్కటే అయినా "పాటలు" అన్న పేరుతో వచ్చినది ఒక సర్వర్‌కు, "ఫోటోలు" అన్న పేరుతో వచ్చినది మరొక సర్వర్‌కు చేరుతుంది.

ఈ పని చేసే ప్రోగ్రాములలో హెచ్‌ఏప్రాక్సీ ఒకటి. దీనిని ఫ్రాన్సు దేశస్థుడైన విల్లీ టారో రాశాడు. ఇది 2001లో విడుదలైంది. అలాగే నెదర్లాండ్స్‌లో పుట్టి 2015 జనవరిలో విడుదలైన ఓపీఎన్‌సెన్స్ అనేది ఉచితంగా దొరికే ఫైర్‌వాల్ వ్యవస్థ. రెండు నెట్‌వర్క్ సాకెట్లున్న చిన్న కంప్యూటరును ఇది రౌటర్‌గా మారుస్తుంది. హెచ్‌ఏప్రాక్సీని దానికి అదనపు భాగంగా చేర్చుకోవచ్చు.

ఏర్పాటు వరుసగా జరగాలి. మొదట రౌటర్‌కు బయటి చిరునామా నిజంగా ఉన్నదో లేదో చూడాలి. బయటి సాకెట్టుకు వచ్చిన చిరునామా 100.64 మొదలు 100.127 వరకు ఉన్న అంకెలతో మొదలైతే, ఇంటర్నెట్టు ఇచ్చే సంస్థ ఒకే చిరునామాను అనేక ఇళ్లకు పంచుతున్నదని అర్థం. అప్పుడు బయటివారు ఆ ఇంటి గుమ్మాన్ని చేరలేరు. సంస్థను ప్రత్యేక చిరునామా అడగవలసి ఉంటుంది.

తరువాత ఒక పేరు తీసుకోవాలి. ఇంటి చిరునామా అప్పుడప్పుడు మారుతుంది కనుక, మారినప్పుడల్లా కొత్త చిరునామాను పేరుకు జతచేసే డైనమిక్ డీఎన్‌ఎస్ అనే సేవను వాడుకోవాలి.

మూడవ పని చాలామంది మరిచిపోయేది. రౌటర్‌ను సరిదిద్దుకునే పేజీ కూడా మామూలుగా 443వ తలుపు దగ్గరే కూర్చుని ఉంటుంది. ఒక కుర్చీలో ఇద్దరు కూర్చోలేరు. కనుక ఆ పేజీని ముందుగా 8443 వంటి మరొక సంఖ్యకు మార్చాలి. దానిని ఇంటి లోపలినుంచి మాత్రమే తెరిచేలా ఉంచాలి.

నాలుగవది సర్టిఫికెట్. ఇది ఆ పేరు నిజంగా ఈ ఇంటిదే అని చెప్పే ధ్రువపత్రం. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి వీటిని ఉచితంగా ఇస్తున్నది. వీటి గడువు తక్కువ కాబట్టి, గడువు తీరకముందే రౌటర్ తానే కొత్తది తెచ్చుకునేలా ఏర్పాటు చేయాలి.

ఐదవది ప్రాక్సీకి నియమాలు చెప్పడం. లోపల ఏ సర్వర్ ఏ చిరునామాలో ఉన్నదో ముందు నమోదు చేయాలి. ఏ పేరుతో వచ్చినది ఏ సర్వర్‌కు పోవాలో ఆ తరువాత రాయాలి. ఏ పేరుకూ సరిపోనిది వస్తే తిప్పి పంపమని చెప్పాలి. ఈ చివరి నియమమే అసలైన కావలి.

అన్నీ సిద్ధమైన తరువాతనే ఫైర్‌వాల్‌లో 443వ తలుపు ఒక్కటి తెరవాలి. అది కూడా రౌటర్ వరకే. లోపలి కంప్యూటర్లకు కాదు. ఇంట్లో ఉన్నవారు అదే పేరుతో వెతికితే ఒక్కొక్కసారి పేజీ తెరుచుకోదు. లోపలివారికి ఆ పేరు అడిగినప్పుడు రౌటర్ లోపలి చిరునామాను చెప్పేలా చేస్తే ఈ చిక్కు తీరుతుంది.

ఇంత చేసినా కావలివాడికి కొన్ని హద్దులు ఉన్నాయి. సరైన పేరు చెప్పి వచ్చినవాడి మనసులో ఏముందో అతడికి తెలియదు. ఫోటోల సర్వర్‌కు బలహీనమైన పాస్‌వర్డు ఉంటే, దొంగను కూడా అతడు మర్యాదగా దాని దగ్గరికే తీసుకువెళతాడు. పాత ప్రోగ్రాములోని లోపాలను అతడు సరిచేయలేడు. పేరు ఎవరికీ చెప్పలేదన్న ధీమా కూడా పనికిరాదు. సర్టిఫికెట్లలోని పేర్లు అందరూ చూడగలిగే చిట్టాలలో నమోదవుతాయి. కనుక గట్టి పాస్‌వర్డులు పెట్టడం, ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు కొత్త చేసుకోవడం ఇంటివారి బాధ్యతే.

అన్నింటికంటే ముందు ఆలోచించవలసినది మరొకటి ఉంది. ఏది బయటికి చూపాలి, ఏది చూపకూడదు? హోసూరు కుటుంబంలో పాటలు, ఫోటోలు దూరాన ఉన్న బిడ్డలకు అందాలి. వాకిటి కెమెరా మాత్రం ఎవరు ఎప్పుడు వస్తున్నారో, ఎప్పుడు ఇల్లు ఖాళీగా ఉన్నదో చెప్పేస్తుంది. దానికి ప్రాక్సీలో పేరు ఇవ్వకపోవడమే మంచిది. కొడుకు దానిని చూడాలంటే వైర్‌గార్డ్ వంటి రహస్య మార్గం ఒకటి వేసుకోవచ్చు. ఆ మార్గంలో తాళంచెవి ఉన్నవారికి తప్ప ఇతరులకు తలుపు ఉన్నట్టే తెలియదు.

గుమ్మం లేని ఇల్లు జైలు అవుతుంది. కావలి లేని గుమ్మం సంత అవుతుంది. ఆప్తులకు దారి ఇచ్చి, అపరిచితులను ఆపగలిగినప్పుడే అది ఇల్లు. మండువా లోగిలిలో పెద్దలు పాటించిన ఈ నీతి, తీగల మీద నడిచే నేటి లోగిలికి కూడా చెల్లుతుంది.