మీకు తెలుసా? షుగరుకూ కాలేయంలో గడ్డలకూ ఒకే జన్యువు

పాతికేళ్లు నిండకముందే షుగర్. మనిషి బక్కపలచన. నాన్నకూ, నానమ్మకూ అదే జబ్బు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇలాంటి కుటుంబం ఉంటే, అది మామూలు టైప్-2 కాకపోవచ్చు. ఎంఓడీవై అనే వంశపారంపర్య మధుమేహం కావచ్చు.

ఇందులో మూడో రకానికి మూలం 12వ క్రోమోజోమ్‌పై ఉండే హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ జన్యువు. ఆ సంగతి 1996లో బయటపడింది. క్లోమంలో ఇన్సులిన్ విడుదలకు తోడ్పడే ఈ జన్యువే కాలేయ కణాల పెరుగుదలకూ కళ్లెం వేస్తుంది. ఈ జన్యువుకు ఉండే రెండు ప్రతుల్లో చెడినది ఒకటి అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది. ఏదైనా కాలేయ కణంలో రెండో ప్రతీ పాడైతే, ఆ కణం కొవ్వు నింపుకుంటూ గడ్డగా పెరుగుతుంది. దాని పేరు అడినోమా. ఫ్రాన్స్ పరిశోధకులు 2002లో ఈ గుట్టు విప్పారు. గడ్డలు పదికి మించితే అడినోమాటోసిస్ అంటారు.

ఇది క్యాన్సర్ కాదు.

అలాగని వదిలేయకూడదు. గడ్డ 5 సెంటీమీటర్లు దాటితే లోపల రక్తస్రావం జరిగే ప్రమాదం ఎక్కువ. ఆడవాళ్లలోనే ఇవి ఎక్కువగా కనిపిస్తాయి, గర్భనిరోధక మాత్రలతో పెరగనూవచ్చు కాబట్టి, ఈ రకం షుగర్ ఉన్నవాళ్లు ఆ మాత్రలు వేసుకునేముందు డాక్టరుకు తప్పక చెప్పాలి. గడ్డల జాడ చాలావరకు మామూలు అల్ట్రాసౌండ్‌లోనే తెలుస్తుంది.

మేనరికం వల్లే వచ్చిందని ఇంటివాళ్లను నిందించడం అన్యాయం. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. జన్యుపరీక్షలో ఈ రకమని తేలితే, చాలామందికి తక్కువ మోతాదు సల్ఫోనైల్‌యూరియా మాత్రలే బాగా పనిచేస్తాయి. దక్షిణ భారత రోగుల్లో ఈ జన్యువును చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ ఇప్పటికే పరిశోధించింది.