ఆడపిల్ల ఆట కాలేజీతో ఆగిపోవాలా?

ఆడపిల్ల కాస్త పొడుగ్గా ఎదిగితే మన ఇళ్ళల్లో ముందు వచ్చే మాట, "దీనికి తగ్గ మొగుణ్ణి ఎక్కణ్ణించి తేవాలే!" అని. ఆ పొడుగే పెట్టుబడిగా పేరు తెచ్చుకున్న అమెరికా అమ్మాయి లూసియా హారిస్ గురించి ఈవేళ చెప్పుకుందాం.

లూసియా 1955లో మిసిసిపీ రాష్ట్రంలో మింటర్ సిటీ అనే చిన్న ఊళ్ళో, ఒక నల్లజాతి రైతు ఇంట పుట్టింది. పదకొండుమంది పిల్లల్లో పదోది. చిన్నప్పుడు పొలంలో పత్తి ఏరింది. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక, దుప్పటి ముసుగులోంచి టెలివిజన్‌లో మగవాళ్ళ బాస్కెట్ బాల్ చూసేది. చూస్తుండగానే ఆరడుగుల మూడంగుళాలు ఎదిగింది. స్కూల్లో పిల్లలు వెక్కిరించేవారట.

ఈ ఆటలో పదడుగుల ఎత్తున ఉన్న ఇనుప చక్రంలోంచి బంతి వెయ్యాలి. గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. చక్రానికి దగ్గరగా నిలబడి ఈ రెండు పనులూ చక్కబెట్టే మనిషి సెంటర్. లూసియాది ఆ స్థానమే.

ఆమె చేరిన డెల్టా స్టేట్ కాలేజీలో వెనకటికి ఆడపిల్లల జట్టు ఉండేది. "ఇంత శ్రమ ఆడవాళ్ళకి పనికిరాదు" అని 1930లలో తీసేశారు. ఆనాడు ఆ జట్టులో ఆడిన మార్గరెట్ వేడ్, నలభై ఏళ్ళు గడిచాక, 1973లో తిరిగి జట్టు పెట్టినప్పుడు శిక్షకురాలిగా వచ్చింది. అంతకు ముందు ఏడాదే, అంటే 1972లో, ప్రభుత్వ ధనం తీసుకునే విద్యాసంస్థలు ఆడా మగా తేడా చూపకూడదని అమెరికాలో చట్టం వచ్చింది. దాన్నే టైటిల్ నైన్ అంటారు.

జట్టులో తానొక్కతే నల్లజాతి అమ్మాయి. అయినా 1975, 76, 77 – వరసగా మూడేళ్ళు డెల్టా స్టేట్‌ని జాతీయ విజేతగా నిలబెట్టింది. కాలేజీ ఆటల్లో ఆమె వేసినవి 2,981 పాయింట్లు, అందుకున్న రీబౌండ్లు 1,662. ఒలింపిక్స్‌లో స్త్రీలకి బాస్కెట్ బాల్ పెట్టింది 1976లో, మాంట్రియల్‌లో. అందులో మొట్టమొదటి పాయింట్లు లూసియావే. అమెరికాకి రజత పతకం వచ్చింది.

1977లో న్యూ ఆర్లియన్స్ జాజ్ అనే మగవాళ్ళ జట్టు ఆమెను ఎంపిక చేసుకుంది. లూసియా వెళ్ళలేదు. మగవాళ్ళకి దీటుగా ఆడగలనన్న నమ్మకం తనకి లేదంది. అప్పటికి గర్భవతి కూడా. ఆ నిర్ణయానికి ఆమె ఏనాడూ విచారించలేదు.

మరి వెళ్తే మగవాళ్ళ జట్టులోకి వెళ్ళాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి! అలాంటి ఆటే ఒక మగపిల్లాడు ఆడితే అదే అతనికి ఉద్యోగమయ్యేది, ఇల్లు గడిచేది. స్త్రీలకని పెట్టిన లీగులో లూసియా 1979-80లో హూస్టన్ జట్టుకి ఆడింది. ఆ లీగు 1981కల్లా మూతపడింది. ఇప్పుడున్న మహిళల లీగులో ఆటలు మొదలయింది 1997లో. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్ళు!

తాను చదివిన స్కూల్లోనే పిల్లలకి ఆట నేర్పింది. నలుగురు బిడ్డల్ని పెంచింది. మనసుకి సంబంధించిన బైపోలార్ జబ్బుతో బాధపడింది; ఆ సంగతి దాచుకోకుండా చెప్పింది. 1992లో బాస్కెట్ బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కించుకున్న మొదటి నల్లజాతి స్త్రీ ఆమే. 2022 జనవరిలో కన్నుమూసింది. రెండు నెలలకి, ఆమె మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రానికి ఆస్కార్ వచ్చింది. అందుకోడానికి ఆమె లేదు.

కాబట్టి తల్లులారా! అమ్మాయి తెచ్చిన కప్పు అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోండి, తప్పులేదు. దాంతోపాటు, "కాలేజీ అయ్యాక దీనికి ఆడే చోటేదీ, దాంతో బతుకుతెరువేదీ?" అని కూడా అడగండి. మనం అడక్కపోతే ఆ దారి ఎవరూ వెయ్యరు.