ఫత్వా, చట్టం, పసివారు: మలేసియా నేర్పుతున్న పాఠం

నికోటిన్ కలిపిన ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి, ఆ ఆవిరిని పీల్చేందుకు చేసిన సాధనమే ఎలక్ట్రానిక్ సిగరెట్. వాడుకలో దీనిని వేప్ అంటారు. పొగ లేదు గనుక హాని కూడా లేదన్న భ్రమ యువకులలో వ్యాపించి ఉంది. కాని నికోటిన్ ఏ రూపంలో లోనికి పోయినా వ్యసనానికే దారితీస్తుంది. ఎదిగే వయసులోని మెదడుకు అది మరింత చేటు. పైగా ఈ ద్రవానికి పండ్ల రుచులు, మిఠాయి రుచులు చేర్చి అమ్ముతున్నందున పిల్లలు సులభంగా దీనివైపు ఆకర్షితులవుతున్నారు.

మలేసియాలోని జాతీయ ఫత్వా మండలి 2015 డిసెంబరులో వేప్‌ను హరామ్‌గా ప్రకటించింది. అయినా అలవాటు ఆగలేదు. ఆ దేశపు ఆరోగ్య సర్వేల ప్రకారం 13 నుండి 17 ఏళ్ల పిల్లలలో వేప్ వాడేవారు 2017లో నూటికి 9.8 మంది కాగా, 2022 నాటికి 14.9 మంది అయ్యారు. అదే కాలంలో సిగరెట్ తాగే పిల్లలు 13.8 శాతం నుండి 6.2 శాతానికి తగ్గారు. ఒక వ్యసనం తగ్గుముఖం పడుతుండగానే మరొకటి వేళ్లూనుకున్నదన్న మాట.

ఇటువంటి స్థితిలో ప్రభుత్వం ఒక తొందరపాటు చర్య తీసుకున్నది. అంతవరకు నికోటిన్ ద్రవం 1952 నాటి విషపదార్థాల చట్టం పరిధిలో ఉండేది. 2023 మార్చి 31న దానిని ఆ పరిధి నుండి తప్పించి, మరునాటి నుండి మిల్లీలీటరుకు 40 సెన్‌ల చొప్పున ఎక్సైజు సుంకం విధించారు. ఖజానాకు రాబడి మార్గం ఏర్పడింది. కాని కొనేవారికి వయోపరిమితి విధించే కొత్త చట్టం అప్పటికి సిద్ధం కాలేదు. 18 ఏళ్ల లోపువారికి అమ్మకాన్ని, ప్రకటనలను, ఆన్‌లైన్ విక్రయాలను నిషేధించే చట్టం 2024 అక్టోబరు 1న గాని అమలులోకి రాలేదు. నడుమ పద్దెనిమిది నెలలు పసివారికి ఆ రక్షణ కరువైంది.

కీడుకు దారితీసే మార్గాలను ముందుగానే మూసివేయాలన్నది ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒక సూత్రం. దీనినే సద్దుజ్జరాయె అంటారు. ఫత్వా అంతరాత్మను మేల్కొలుపుతుంది, అంగడిని కట్టడి చేయవలసినది చట్టం. కొత్త కట్ట వేయకముందే పాత కట్ట తెంచితే పొలం మునగక మానదు.

మన దేశంలో 2019 నాటి చట్టం ఈ సాధనాల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను పూర్తిగా నిషేధించింది. అయితే చట్టం ఇంటి లోపలికి తొంగిచూడలేదు. బిడ్డ పుస్తకాల సంచిలో కలంలా కనిపించే వస్తువు నిజంగా కలమేనా అని గమనించవలసిన బాధ్యత తల్లిదండ్రులదే.