టూ స్ట్రోక్ ఇంజనుకు నూనె ఎట్లు అందును?

మడకశిర, రొళ్ల, అమరాపురం ప్రాంతములలో వీపున తగిలించుకొను పవరు స్ప్రేయరు, వక్క తోటలలోను మల్బరీ తోటలలోను కలుపు కోయు యంత్రము ఇప్పుడు చాల గ్రామములలో కనిపించును. వేరుశనగలో తిక్క ఆకుమచ్చ తెగులు తగిలినపుడు వాన వెలిసి రెండు దినములు ఎండ కాచిన అదనులోనే మందు పడవలెను. సరిగా ఆ అదనులో ఇంజను బిగుసుకుపోయినచో దానిని భుజాన వేసుకొని హిందూపురమునకో, శిరాకో పోవలెను. అది బాగై వచ్చులోపల చేనిలో ఆకు రాలిపోవును. అట్టి ఇంజనును విప్పి చూచినచో పిస్టనుపై, ముఖ్యముగా పొగ వెలువడు వైపున, నిలువు గీతలు పడి అల్యూమినియము సిలిండరు గోడకు అంటుకొని యుండును. దీనికి తరచుగా కారణము నూనె తక్కువగుటయో, తగని నూనె పోయుటయో అయియుండును.

పంపుసెట్టు ఇంజనులో అడుగున నూనె తొట్టి కలదు. అందులోని నూనె మరల మరల తిరుగుచు పనిచేయును. టూ స్ట్రోక్ ఇంజనులో అట్టి తొట్టి ఎందుకు లేదని రైతులు తరచు అడుగుదురు. ఇంజను పనిచేయు తీరులోనే దీనికి జవాబు కలదు. పిస్టను పైకి పోవునపుడు దాని క్రిందనున్న క్రాంకు గదిలో ఖాళీ ఏర్పడి, కార్బురేటరు ద్వారా గాలి, పెట్రోలు తుంపరలు లోనికి వచ్చును. పిస్టను క్రిందికి దిగునపుడు ఆ మిశ్రమము నొక్కుకొని ప్రక్క దారుల గుండా పైనున్న సిలిండరులోనికి ఎగయును. అనగా క్రాంకు గది పెట్రోలు నడచు దారి. దారిలో తొట్టి పెట్టి నూనె నింపినచో ఆ నూనె అంతయు పెట్రోలుతో కొట్టుకొనిపోవును.

కావున నూనెను పెట్రోలుతోనే పంపుదురు. లోపలి వేడికి పెట్రోలు ఆవిరియగును. నూనె ఆవిరి కాక సన్నని పొరగా బేరింగులపైన, సిలిండరు గోడపైన నిలుచును. ఆ పిదప అదియు పైకి పోయి కాలును. మనకు కనిపించు నీలి పొగ అదియే. ఇది ఒకసారి వాడి వదలు నూనె, తిరిగి రాదు. గంటకు లీటరు పెట్రోలు త్రాగుచు నిమిషమునకు 6000 చుట్లు తిరుగు ఇంజనులో లీటరుకు 20 మి.లీ. నూనె కలిపినామనుకొందము. ఆ 20 మి.లీ. నూనె 3,60,000 చుట్లకు సరిపోవలెను. చూచుటకు అంత స్వల్పమైనను, అది లేని కొద్ది నిమిషములలోనే ఇంజను చెడును.

ఎంత కలుపవలెనన్నది ఇంజనుతో వచ్చిన పుస్తకములో వ్రాసియుండును. 1కి 50 పాళ్లు అన్నచో లీటరుకు 20 మి.లీ., 1కి 40 అన్నచో 25 మి.లీ., 1కి 25 అన్నచో 40 మి.లీ. పొరుగువాని యంత్రమునకు సరిపోయినది మన యంత్రమునకు సరిపోవునని తలచరాదు. ఎక్కువ పోసిన మంచిదే కదా యని కొందరందురు. అది పొరపాటు. కార్బురేటరు రంధ్రము గుండా పోవునది ఒకే కొలత. అందులో నూనె భాగము పెరిగినచో పెట్రోలు భాగము తగ్గును. ప్లగ్గు మసిబారును, పొగ గొట్టము మసితో పూడును, ఇంజను బలము తగ్గును. కొలతకు మూతలు, గ్లాసులు నమ్మరాదు. పశువులకు సూదిమందు వేయు 20 మి.లీ. సిరంజి ఒకటి దీనికే ప్రత్యేకించి ఉంచుకొనుట మేలు. పురుగుమందు కొలిచిన దానిని దీనికి వాడరాదు. నూనెను యంత్రపు ట్యాంకులో కాక వేరొక డబ్బాలో కలుపవలెను. సగము పెట్రోలు పోసి, నూనె వేసి, బాగుగా ఊపి, తక్కిన పెట్రోలు పోసి మరల ఊపవలెను.

ఇంక నూనెను వేరుగా పంపు పద్ధతి. మోటారు సైకిళ్లలో యమహా కంపెనీ 1964లో ఆటోల్యూబ్ అను పేర దీనిని తెచ్చెను. మన దేశములో 1985 నుండి 1996 వరకు తయారైన ఆర్.ఎక్స్. 100 బండిలోను ఇదే ఏర్పాటు. నూనెకు వేరొక డబ్బా ఉండును. ఇంజను తిరుగుడుతోనే నడచు చిన్న పంపు నూనెను బొట్లుబొట్లుగా ఇంజను గాలి పీల్చు దారిలోనికి నెట్టును. పంపునకు యాక్సిలరేటరు తీగతో సంబంధము కలదు. తీగ లాగిన కొలది పంపు ఎక్కువ నూనె నెట్టును. వదలినచో తక్కువ నెట్టును. ఖాళీగా తిరుగు ఇంజనుకు నిండు బరువు లాగు ఇంజనుకు కావలసినంత నూనె అక్కరలేదు గదా. చేతి మిశ్రమములో ఈ తేడా లేదు; ఎప్పుడును ఒకే పాలు.

ఇంకొక లాభము కలదు. పెనుకొండ దారిలోని ఘాటు దిగు బండిని తలచుకొనుడు. యాక్సిలరేటరు మూసియుండును, చక్రములు ఇంజనును త్రిప్పుచుండును. మిశ్రమము పోసిన బండికి పెట్రోలు తగ్గినది గనుక నూనెయు తగ్గును, ఇంజను మాత్రము వడిగా తిరుగును. పంపు గల బండిలో ఇంజను తిరుగుచున్నంతసేపు కొంత నూనె పడుచునే యుండును.

ఈ పద్ధతి బాగుగా సాగినది పడవ మోటారులలో. సముద్రములో చేపల పడవల వెనుక తగిలించు మోటారులను మన తీర జిల్లాలలో చూడవచ్చును. జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటారులలో 1984లో వచ్చిన పంపు క్రాంకు గదిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులతోనే పనిచేయుచు, పెట్రోలును నూనెను కలిపి పంపునట్టిది. నిండు వడిలో 1కి 50, నెమ్మది నడకలో 1కి 150 వరకు దాని పాళ్లు మారును. నూనె తగ్గినచో కూత పెట్టు ఏర్పాటును పడవ మోటారులలో ఉంచిరి. నడిసముద్రములో ఇంజను ఆగుట ప్రాణములతో చెలగాటము. అయినను తొలి దినములలో ఆ పంపును నమ్మక తీసివేసి, చేతి మిశ్రమమునకే మరలినవారు కలరు. వారిని తప్పు పట్టలేము. పంపు చెడినచో పెట్రోలు మాత్రము వచ్చుచునే యుండును, ఇంజను నడచుచునే యుండును, చెడు సంగతి బిగుసుకుపోయిన పిదపనే తెలియును.

నా అభిప్రాయములో వీపున మోయు యంత్రమునకు చేతి మిశ్రమమే తగును. పంపు పెట్టిన బరువు పెరుగును, చెడు భాగము ఒకటి ఎక్కువగును. పాత బండి కొన్నవారు మాత్రము దాని పంపు పనిచేయుచున్నదో, లేక మెకానిక్కు తీసివేసినాడో మొదట తెలిసికొనవలెను. తీసివేసిన బండిలో వట్టి పెట్రోలు పోసిన నాడే ఇంజను పోవును. నూనె డబ్బా ఒకసారి పూర్తిగా ఎండినచో గొట్టములో గాలి చేరును. అప్పుడు నూనె నింపి, పంపునకుగల గాలి వదలు మర వదులు చేసి, బుడగలు లేని నూనె కారు వరకు ఉంచి మరల బిగింపవలెను. గొట్టము నిండి పంపు నుండి నూనె సరిగా వచ్చుచున్నదని తేలువరకు ట్యాంకులో మిశ్రమమే పోయవలెను.

నూనె రకము కూడ ముఖ్యము. పడవ మోటారు నీటితో చల్లబడును. స్ప్రేయరు గాలితో చల్లబడును గనుక ఎక్కువ వేడెక్కును. పడవలకని చేసిన టి.సి.డబ్ల్యు.3 నూనె బూడిద లేనిది; అది ఎంత ఖరీదైనను స్ప్రేయరుకు పనికిరాదు. డబ్బాపై జాసో ఎఫ్.సి. లేక ఎఫ్.డి. అని వ్రాసిన టూ టీ నూనె కొనవలెను. పంపుసెట్టులో పోయు నూనె అసలే కూడదు.

ఇంటిలో ఆముదమున్నది, అది పోయరాదా అని అడిగినవారు కలరు. ప్రశ్న వింతైనది కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు విమానముల గుండ్రని ఇంజనులలోనికి పంపుతో నెట్టినది ఆముదమే. క్యాస్ట్రాల్ అను పేరు 1909లో పుట్టినదియు ఆముదపు ఆంగ్ల నామము నుండియే. పెట్రోలులో సులువుగా కరగదనియే నాడు దానిని వాడిరి. ఆ గుణమువలననే నేటి మిశ్రమమునకు అది తగదు. పైగా జిగురు కట్టి రింగులను పట్టివేయును. వేరుశనగ నూనె అంతకన్న చెడ్డది.

నేడు బంకులలో దొరకు పెట్రోలులో ఎథనాలు 20 శాతము వరకు కలిసియుండును. ఇది నీటిని పీల్చును. నీరు ఎక్కువైనచో రెండును కలిసి అడుగునకు దిగును. నూనె పై పొరలోనే నిలిచిపోవును. ఇంజనుకు పోవు గొట్టము అడుగుననే గదా యుండునది! కావున మిశ్రమమును ఆ వారమునకు కావలసినంతే కలిపి, డబ్బా మూత బిగించి నీడలో, పొయ్యికి దూరముగా ఉంచవలెను. నెల దాటిన దానిని ఇంజనులో పోయరాదు.

పంటకాలము ముగిసిన పిదప ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులోనిది అయిపోయి ఇంజను తనకు తానే ఆగువరకు నడుపవలెను. చల్లారిన తరువాత ప్లగ్గు విప్పి, ఆ రంధ్రములో ఒక చెంచాడు టూ టీ నూనె వేసి, త్రాడును రెండు మూడు మారులు మెల్లగా లాగి, ప్లగ్గు బిగించి యంత్రమును పొడిచోట భద్రపరచవలెను.