దేవుణ్ణి వదిలినా వదలని కులం

నలభై ఏళ్ల కిందట కృష్ణా జిల్లాలోని ఒక ఊళ్లో మా హేతువాద బృందం నిప్పుల మీద నడిచే ప్రదర్శన పెట్టింది. అప్పట్లో నేను హైస్కూల్లో సైన్సు మాస్టారిని. బొగ్గు వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుందని, అడుగు నిప్పును తాకి ఉండేది క్షణకాలమేనని, అందుకే పాదం కాలదని, ఇందులో ఏ దేవత మహిమా లేదని మైకులో వివరించాను. తర్వాత చెప్పులు విప్పి గుండంలో నడిచాను. ఊరంతా చప్పట్లు కొట్టింది.

ఆ గుండం తవ్విందీ, కట్టెలు మోసిందీ, నిప్పులు సమంగా సర్దిందీ మాలపల్లెకు చెందిన ఒక వ్యవసాయ కూలీ. నాకంటే పదేళ్లు పెద్ద. అయినా ఆయన నన్ను ‘మీరు’ అన్నాడు, నేను ఆయన్ని ‘నువ్వు’ అన్నాను. సభ ముగిశాక దగ్గరకు వచ్చి, ‘మాస్టారూ, మా ఇంట్లో ఓ ముద్ద తిని వెళ్లండి. కూర వండించాను’ అన్నాడు. ఆఖరి బస్సు పోతుందని చెప్పాను. ఆ రాత్రి నేను బస్సెక్కలేదు. మా కులానికే చెందిన ఒక రైతు ఇంట్లో భోంచేసి, వాళ్ల అరుగు మీద పడుకున్నాను. తెల్లవారి బస్సు కోసం వెళ్తుంటే ఆయన ఎదురుపడ్డాడు. ఏమీ అడగలేదు. నా సంచీ అందుకుని బస్సెక్కించాడు.

అప్పటికే నేను సంపూర్ణ నాస్తికుణ్ణి. నాకు పూజ లేదు, ముహూర్తం లేదు, కర్మఫలం మీద నమ్మకం లేదు. మైల అంటుకుంటుందన్న భయమూ లేదు. మరి నన్ను ఆ ఇంటికి వెళ్లనివ్వనిది ఏమిటి?

1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ సభ కోసం అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ ప్రసంగం రాశారు. నిర్వాహకులు సభనే రద్దు చేసుకోవడంతో అది పుస్తకంగా వచ్చింది. కులాన్ని నిలబెడుతున్నది శాస్త్రాల పవిత్రత మీద జనానికున్న నమ్మకమని, ముందు ఆ నమ్మకాన్ని కూల్చాలని ఆయన వాదించారు. నేను ఆ వాదాన్ని నాకు అనుకూలంగా చదువుకున్నాను. శాస్త్రాలను నమ్మను కాబట్టి నాకు కులం లేదనుకున్నాను. సహపంక్తి భోజనాలతో కులం పోదని, కులాంతర వివాహమే అసలు మందని అదే ప్రసంగంలో ఉంది. చాలదని ఆయన చెప్పిన ఆ భోజనం దాకా కూడా నేను వెళ్లలేకపోయాను.

మనిషి ప్రవర్తనను పరిశీలించిన శాస్త్రం నాకు కొంత జవాబు చెప్పింది. నాజీల జాతిహననంలో తన కుటుంబాన్ని పోగొట్టుకున్న హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో బడిపిల్లల మీద ప్రయోగాలు చేశాడు. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్న సాకుతో వాళ్లను రెండు గుంపులు చేశాడు. నిజానికి ఆ విభజనకు ఏ ఆధారమూ లేదు. అయినా డబ్బు పంచమంటే పిల్లలు తమ గుంపు వైపే మొగ్గారు. తమ గుంపుకు వచ్చేది తగ్గినా సరే, అవతలి గుంపుకు అంతకంటే తక్కువ రావాలని కోరుకున్నారు. నిచ్చెనమెట్ల అసమానత అని అంబేడ్కర్ దేన్నన్నారో తెలిసినవారికి ఇందులో కొత్త ఏమీ కనిపించదు.

అలాగని కులం మానవ సహజమనే నిర్ధారణకు రాకూడదు. తాజ్‌ఫెల్ గుంపులు ప్రయోగంతోపాటే ముగిసిపోయాయి. కులానికి భూమి ఉంది, బావి ఉంది, శ్మశానం ఉంది, పెళ్లిచూపులు ఉన్నాయి. అంతేకాదు, దానికి మొదలు కూడా ఉంది. హైదరాబాదులోని సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2013లో ప్రచురించిన జన్యు అధ్యయనం ప్రకారం సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి వరకు ఈ ఉపఖండంలో భిన్న జనసమూహాలు విస్తృతంగా కలిసిపోయాయి. తమలో తామే పెళ్లిళ్లు చేసుకునే కట్టడి ఆ తర్వాత బిగుసుకుంది. మొదలైనది ముగియగలదు. అయితే దేవుడు లేడని రుజువు చేసినంత మాత్రాన ముగియదు.

ఈ సంగతి గోరాకు తెలుసు. వృక్షశాస్త్రం బోధించిన ఆయన 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. పెద్ద కుమార్తె మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో వివాహం నిశ్చయించారు. దేవుడి పేరుకు బదులు సత్యం పేరుతో ఆ పెళ్లి జరిపించడానికి గాంధీ అంగీకరించారు. ఆయన హత్య తర్వాత 1948 మార్చిలో సేవాగ్రాంలో అది జరిగింది. పరమ ఆస్తికుడూ, నాస్తికుడూ ఆ పెళ్లి విషయంలో ఒక్కటయ్యారు. దేవుడి గురించి గోరాతో పూర్తిగా ఏకీభవించిన నాలాంటివాళ్లం ఎందరమో అక్కడికి చేరలేదు.

మా అమ్మాయి తన క్లాస్‌మేట్‌ను పెళ్లి చేసుకుంటానన్నప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట ‘మనవాళ్లేనా?’ అని. ‘దేవుడు లేడని నాకు చెప్పింది నువ్వే కదా నాన్నా, మరి మనవాళ్లంటే ఎవరు?’ అని అడిగింది. ఆ పెళ్లికి వెళ్లాను. సంతోషంగా వెళ్లానని చెప్పుకోవడానికి మాత్రం కొంతకాలం పట్టింది.

1976లో రాజ్యాంగంలో చేరిన 51ఎ(హెచ్) అధికరణాన్ని హేతువాదులం తరచూ ఉటంకిస్తాం. అక్కడ శాస్త్రీయ దృక్పథం ఒంటరిగా లేదు. పక్కనే మానవతావాదం, సంస్కరణ స్ఫూర్తి ఉన్నాయి. మొదటి మాట దగ్గరే ఆగిపోవడం మనకు అలవాటైంది. మూఢనమ్మకాల మీద చర్చలు పెట్టే విద్యార్థి మిత్రులు ఆ వేదిక మీద ఎవరు మాట్లాడుతున్నారో, కుర్చీలు ఎవరు సర్దుతున్నారో, సభ అయ్యాక ఎవరు ఎవరింట్లో తింటున్నారో కూడా గమనించాలి.

ఆ గుండం తవ్విన మనిషి ఇప్పుడు లేడు. ఆ రాత్రి ఆయన ఇంట్లో ఏం కూర వండించాడో కూడా నాకు తెలియదు.