ఓడలో ఏ గది మంచిది?

పిల్లలూ! బస్సు ఎక్కగానే మీరు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటారు గదా! పెద్దవాళ్లు అంతకంటే ముందు ఇంకొకటి చూసుకుంటారు. వెనక చక్రాల మీద సీటు కాకూడదు. చివరి వరస అసలే కాకూడదు. ఎండ పడే వైపు కాకూడదు. అదే బస్సు, అదే టిక్కెట్టు. అయినా ఒకడు హాయిగా నిద్రపోతాడు, మరొకడు గుంట వచ్చినప్పుడల్లా ఎగిరి పడతాడు.

బస్సులో సీటు నచ్చకపోతే తరవాతి ఊళ్లో ఎవరైనా దిగినప్పుడు మారవచ్చు. ఏడు రాత్రులు నేల కనిపించకుండా సాగిపోయే ఓడలో అది అంత సులభం కాదు. గదులన్నీ నిండి వుంటే, తీసుకున్న గదితోనే సరిపెట్టుకోవాలి. అందుకని గదిని ముందే, ఇంట్లో కూర్చుని, ఓడ పటం చూసి ఎంచుకోవాలి. ఇది చాలా తమాషా అయిన లెక్క. ఇందులో భూగోళం వున్నది, యంత్రశాస్త్రం వున్నది, అమ్మమ్మ ఆరోగ్యం కూడా వున్నది.

మనం ఎంచుకునే ఓడ పేరు క్వీన్ మేరీ 2. దీన్ని ఫ్రాన్సులో సెయింట్ నజైర్ అనే రేవులో కట్టారు. 2004 జనవరి 8న ఇంగ్లండు రాణి రెండవ ఎలిజబెత్ దీనికి పేరు పెట్టింది. పొడవు 345 మీటర్లు; ఫుట్‌బాల్ ఆటస్థలాలు మూడు వరసగా పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ నుంచి అట్లాంటిక్ సముద్రం దాటి అమెరికాలోని న్యూయార్కుకు మామూలుగా ఏడు రాత్రుల్లో చేరుతుంది.

వెనకటి ఓడలలో గదికి గుండ్రని చిన్న అద్దం వుంటే అదే గొప్ప. అది కూడా లేని లోపలి గదులు ఎన్నో వుండేవి. 1984లో రాయల్ ప్రిన్సెస్ అనే ఓడ వచ్చింది. అందులో ప్రయాణికుల గదులన్నీ బయటి వైపుకే వున్నవి; చాలా గదులకు సొంత బాల్కనీలు కూడా వున్నవి. తరవాత అందరికీ బాల్కనీ కావాలనిపించింది. క్వీన్ మేరీ 2 మీద కూడా వందల కొద్దీ బాల్కనీ గదులున్నవి. అన్నీ పటంలో ఒకేలాగ, అగ్గిపెట్టెలు పేర్చినట్టు కనిపిస్తాయి. కాని ఒకేలాగ వుండవు.

ఒక కుటుంబం ఈ ఓడలో బయలుదేరుతున్నదనుకోండి. అమ్మమ్మకు బస్సెక్కితే చాలు, కళ్లు తిరుగుతాయి. అమ్మకు చిన్న చప్పుడైనా మెలకువ వచ్చేస్తుంది. నాన్నకు ఎండలో కూర్చుని పుస్తకం చదువుకోవాలని వున్నది. ఏడో తరగతి చదివే అమ్మాయికి సముద్రమంతా చూడాలి. నాలుగేళ్ల తమ్ముడికి ఏది కనిపిస్తే దాని మీదికి ఎక్కాలి. వీళ్లకు ఏ గది ఇద్దాం?

మొదట అమ్మమ్మ సంగతి చూడాలి. తక్కినవాళ్లకు గది కుదరకపోతే కొంచెం విసుగు పుడుతుంది, అంతే. ఆమెకు కుదరకపోతే ఏడు రోజులూ మంచం దిగదు.

ఎదురుబొంగు ఆట మీకు తెలుసు. పొడుగాటి పలకకు చెరొక కొసనా ఇద్దరు కూర్చుంటే, కొసల్లో వున్నవాళ్లు పైకీ కిందికీ పోతారు. నడుమ కూర్చున్నవాడు వున్నచోటే వుంటాడు. అలలు ఎదురు వచ్చినప్పుడు ఓడ కూడా ఆ పలకలాగానే ముందు లేచి వెనక దిగుతుంది. వెనక లేచి ముందు దిగుతుంది. దీనికి లెక్క కట్టవచ్చు. ఓడలో సగం పొడవు సుమారు 172 మీటర్లు. ఓడ ఒక్క డిగ్రీ వంగితే చాలు, కొస సుమారు 3 మీటర్లు లేస్తుంది. అంటే ఇంటి అంతస్తంత ఎత్తు! తరవాత అంతే దిగుతుంది. నడిమి నుంచి 30 మీటర్ల దూరంలో వున్న గది అదే సమయంలో లేచేది అరమీటరు మాత్రమే. ఒకే ఓడ, ఒకే అల; ఒకరికి మూడు మీటర్లు, ఇంకొకరికి అరమీటరు.

ఓడ పక్కలకు కూడా ఒరుగుతుంది. దీనికి తాటిచెట్టును తలచుకోండి. గాలికి మొదలు కదలదు, తల మాత్రం ఊగిపోతుంది. ఓడ 3 డిగ్రీలు ఒరిగితే, ఊగే కీలుకు 40 మీటర్ల పైనున్న గది పక్కకు 2 మీటర్లకు పైగా జరుగుతుంది. 10 మీటర్ల పైనున్న గది జరిగేది అరమీటరే. ఈ ఒరగడాన్ని తగ్గించటానికి ఓడ అడుగున, నీటిలో, చేప రెక్కల వంటి ఉక్కు రెక్కలుంటాయి. యంత్రాలు వాటిని తిప్పుతూ ఓడను నిలకడగా వుంచుతాయి. కాని అవి పక్కల ఊగుడునే తగ్గించగలవు; ముందువెనకల ఊగుడును ఆపలేవు. కనుక పటంలో మొదట నడిమి భాగానికి, తరవాత కింది అంతస్తులకు గుర్తు పెట్టుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు. కింది అంతస్తులో బాల్కనీ పెడితే అలలు లోపలికి రావూ? చాలా ఓడలలో అందుకే బాల్కనీలు పైనెక్కడో వుంటాయి. ఈ ఓడ కట్టినవాళ్లు దీనికి ఒక ఉపాయం చేశారు. 4, 5, 6 అంతస్తులలో ఓడ ఉక్కు గోడకే పెద్ద కిటికీల వలె కంతలు కోసి, వాటి వెనక బాల్కనీలు కట్టారు. ముందువైపు నడుమెత్తున ఉక్కు గోడ వుంటుంది. గాలి తక్కువ, వాన పడదు. కాని కుర్చీలో కూర్చుంటే గోడ తప్ప సముద్రం కనిపించదు, లేచి నిలబడాలి. పై అంతస్తుల బాల్కనీలకు ముందు గాజు పలకలుంటాయి కనుక, కూర్చునే సముద్రం చూడవచ్చు.

అమ్మమ్మకు సముద్రం కనిపించటం ముఖ్యమే సుమా! మనకు కళ్లెందుకు తిరుగుతాయో తెలుసా? మన చెవి లోపల కదలికను కనిపెట్టే చిన్న పరికరం వున్నది. గదిలో కూర్చుంటే చెవి “కదులుతున్నావు” అంటుంది, కన్ను “గోడ కదలటం లేదే!” అంటుంది. ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెబితే మెదడు తికమకపడుతుంది. దూరాన నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ వుంటే ఇద్దరి మాటా కుదురుతుంది. కాబట్టి బాల్కనీ ఒక విధంగా మందే.

8వ అంతస్తులో కొన్ని బాల్కనీ గదులు తక్కువ ధరకు వస్తాయి. సంతోషించే ముందు పటం చూడండి: వాటి ముందర ప్రాణరక్షణ పడవలు వేలాడుతున్నాయి. మామూలుగా ఇటువంటి పడవలను నీటికి 15 మీటర్ల ఎత్తున పెడతారు. ఈ ఓడను రూపొందించిన స్టీఫెన్ పేన్ అట్లాంటిక్ అలల బలం తెలిసినవాడు. అవి పడవలను కొట్టుకుపోకుండా 25 మీటర్ల ఎత్తున పెట్టటానికి అనుమతి సంపాదించాడు. మంచి పని చేశాడు. అయితే ఆ గదులవాళ్లకు సముద్రానికి బదులు పడవ వీపు కనిపిస్తుంది! మన అమ్మాయి దీనికి ఒప్పుకోదు.

ఇక అమ్మ నిద్ర. గది పక్క ఏమున్నదో అందరూ చూస్తారు. పైనా కిందా ఏమున్నదో చూసేవాళ్లు తక్కువ. నెత్తి మీద వంటశాల వుంటే తెల్లవారకముందే బండ్లు దొర్లుతాయి. ఈతకొలను వుంటే కుర్చీలు ఈడుస్తారు. కింద నాట్యశాల వుంటే అర్ధరాత్రి దాకా దడదడే. పటంలో మూడు అంతస్తులను ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోవాలి. పైనా కిందా కూడా పడకగదులే వుంటే అది నిద్రకు మంచి చోటు. ఓడ ముందు కొసన లంగరు గొలుసు చప్పుడు వుంటుంది. వెనక కొసన ఓడను నడిపే మరల అదురు వుంటుంది. వెనక గదులనుంచి చూస్తే ఓడ చీల్చుకుంటూ వచ్చిన తెల్లటి నురుగు బాట చాలా అందంగా వుంటుంది గాని, అమ్మమ్మ వుండగా ఆ మాట ఎత్తవద్దు.

నాన్న ఎండ కోసం ఏ వైపు గది తీసుకోవాలి? ఓడలో ముందుకు తిరిగి నిలబడితే ఎడమచేతి వైపును పోర్టు అనీ, కుడిచేతి వైపును స్టార్‌బోర్డు అనీ అంటారు. రాత్రిపూట పోర్టు వైపు ఎర్రదీపం, స్టార్‌బోర్డు వైపు ఆకుపచ్చ దీపం వెలుగుతాయి. మీరు లేచి పడమటికి తిరిగి నిలబడండి. ఎడమచెయ్యి దక్షిణం వైపుకు వచ్చింది గదా! అట్లాంటిక్ ఉత్తర భాగంలో మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన వుంటాడు. న్యూయార్కుకు పోయేటప్పుడు ఎండ పోర్టు వైపుకే. తిరిగి వచ్చేటప్పుడు స్టార్‌బోర్డు వైపుకు.

ఒకప్పుడు ఇంగ్లండు నుంచి మన దేశానికి వచ్చేవాళ్లు దీనికి సరిగ్గా ఎదురు లెక్క వేసుకునేవారు. సూయజ్ కాలువ 1869లో తెరిచిన తరవాత ఓడలు ఎర్రసముద్రం గుండా వచ్చేవి. గదులను చల్లబరిచే యంత్రాలు అప్పుడు లేవు. ఎర్రసముద్రంలో ఓడ ఆగ్నేయంగా వస్తుంది కనుక కుడివైపు గదులను సాయంకాలపు ఎండ కాలుస్తుంది. రాత్రి పడుకునే వేళకు అవి పొయ్యిలా వుంటాయి. ఎడమవైపు గదులకు పొద్దుటి ఎండే కాబట్టి రాత్రికి చల్లబడతాయి. డబ్బున్నవాళ్లు వచ్చేటప్పుడు పోర్టు, పోయేటప్పుడు స్టార్‌బోర్డు అడిగేవారనీ, ఆ నాలుగు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిసి ‘పాష్’ అనే మాట పుట్టిందనీ ఒక కథ వున్నది. కథ బాగున్నది. కాని ఆ అక్షరాలు వేసిన టిక్కెట్టు ఒక్కటీ ఇంతవరకు దొరకలేదు. నిఘంటువులు రాసేవాళ్లు దాన్ని నమ్మరు.

గాలి సంగతి కూడా చూడాలి. ఓడ గంటకు 20 నాట్లు, అంటే 37 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, గాలి లేని రోజున కూడా అంత గాలి ఎదురు కొడుతుంది. ఆ సముద్రం మీద గాలులు ఎక్కువగా పడమటి నుంచే వీస్తాయి. న్యూయార్కుకు పోయేటప్పుడు రెండూ కలిసి కొడతాయి. పై అంతస్తులో, ఓడ ముందుభాగంలో కూర్చుంటే నాన్న పుస్తకం సముద్రంపాలు!

చివరికి తమ్ముడు. నిజానికి అమ్మానాన్నా అందరికంటే ముందు ఆలోచించవలసింది వాడి గురించే. అమెరికా రేవులకు వచ్చే పెద్ద విహారనౌకల కటకటాలు 42 అంగుళాల ఎత్తుకు తగ్గకూడదని 2010లో చట్టం చేశారు. అది సుమారు 107 సెంటీమీటర్లు. నాలుగేళ్లవాడు మామూలుగా దాదాపు అంత పొడుగే వుంటాడు. నేల మీద నిలబడితే భయం లేదు. కాని బాల్కనీలో కుర్చీ వుంటుంది, చిన్న బల్ల వుంటుంది. వాడు వాటి మీద నిలబడితే కటకటా ఏ మూలకు? అందుచేత బాల్కనీ తలుపు గొళ్లెం ఎప్పుడూ వేసి వుంచాలి. కుర్చీలు గోడకు ఆనించి వుంచాలి. పెద్దవాళ్లు లేకుండా వాడు ఒక్క నిమిషం కూడా అక్కడ వుండకూడదు. సామాను సర్దుకునేటప్పుడే అందరూ ఏమరుపాటుగా వుంటారు. అప్పుడు ఒక మనిషి చెయ్యి వాడి చేతిలో వుండాలి. ఉక్కు గోడయినా, గాజు పలకయినా ఈ మాటకు మినహాయింపు లేదు.

ఇప్పుడు గది చెప్పనా? నేనైతే 5వ అంతస్తులో, నడిమి భాగంలో, పోర్టు వైపు, పైనా కిందా పడకగదులే వున్నచోట, లిఫ్టుకు నాలుగు గదుల దూరంలో తీసుకుంటాను. అమ్మమ్మకు ఊగుడు తక్కువ, అమ్మకు చప్పుడు తక్కువ. అమ్మమ్మ కూర్చుని సముద్రం చూడాలంటే 7వ అంతస్తులో ఓడ చుట్టూ తిరిగి వచ్చే నడవ వున్నది. ఒక చుట్టు సుమారు 600 మీటర్లు. అక్కడ పడక కుర్చీలు కూడా వేస్తారు. నాన్న కూడా అక్కడే చదువుకుంటాడు. బాల్కనీ లోతుగా వుంటుంది కనుక అతని ఎండలో కొంత పోయింది, సర్దుకోవాలి. అమ్మాయి మాత్రం 12వ అంతస్తుకు పరిగెత్తుతుంది. కుక్కలకు గదులున్నది అక్కడే! వాటి కోసం డెక్కు మీద ఒక ఇంగ్లీషు దీపస్తంభమూ, ఒక అమెరికా నీటిపంపు స్తంభమూ పాతి వుంచారు. ఎందుకో మీరే ఊహించుకోండి.

మన విశాఖపట్నంలో కూడా 2023లో విహారనౌకల కోసం ప్రత్యేకంగా ఒక టెర్మినల్ ప్రారంభించారు. అంతకుముందు, 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే ఓడ అక్కడి నుంచి పుదుచ్చేరి, చెన్నై ప్రయాణం చేసింది. ఇప్పుడు మీ పలక మీద తూర్పు తీరం గీయండి. విశాఖ నుంచి చెన్నైకి ఓడ పోతున్నది. అమ్మమ్మ పొద్దున్నే బాల్కనీలో నిలబడి సూర్యుడికి నమస్కారం చేసుకోవాలి. ఆమెకు పోర్టు వైపు గది తీసుకుంటారా, స్టార్‌బోర్డు వైపా? మరి తిరిగి వచ్చేటప్పుడు?